ఇటలీ వీధిలో మన దండెం

మస్కట్‌లో ఉన్న మా తెలుగువాళ్లందరికీ నేను "ఇటలీ బొమ్మలేసే ఆవిడ"ని. పెళ్లిరోజుల్లో, వనభోజనాల్లో నన్ను ఎవరికైనా పరిచయం చేయాలంటే ఇదే మాట. విన్న ప్రతిసారీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఇటలీ వదిలేసి ఇన్నేళ్లయింది, ఒమన్ నీళ్లు తాగుతున్నాను, ఒమన్ ఎండకి నల్లబడ్డాను, ఇంకా ఈ ఇటలీ ఏమిటి నాకు? పోనీ వాళ్లను అందామా అంటే వాళ్ల తప్పేముంది? నేను వేస్తున్నవి అవే. కొనేవాళ్లు అడిగేవీ అవే. ఈ ఊళ్లో అల్ ఖువైర్‌లోని ఒక రెస్టారెంటు గోడ మీద ఒకామె ముఖం నిలబెట్టడానికి నేను పోట్లాడాను. తర్వాత అదే ముఖం కనపడకుండా చేయడానికి అంతకు రెట్టింపు పాట్లు పడ్డాను. అది తలుచుకుంటే ఇప్పటికీ కోపం, ఏడుపు కలిసే వస్తాయి.

మావారు ఓడల మరమ్మతు ఇంజనీరు. ఆయన ఉద్యోగం మూలంగానే ఇటలీలో సముద్రం పక్కన ఒక చిన్న ఊళ్లో కొన్నేళ్లున్నాం. ఇటలీ అనగానే అందరూ పెద్ద పెద్ద చర్చిలూ పాలరాతి బొమ్మలూ అనుకుంటారు. నేను వాటి జోలికే పోలేదు. నాకు దొరికింది మా వీధి. పొద్దున్నే చేపలమ్మే ఆవిడ కూతలు, అరుగు మీద పేకాడుకునే ముసలాళ్లు, రొట్టెల కొట్టు ముందు ఊసుపోక తగవులాడుకునే ఆడవాళ్లు. మెట్ల మీద కూర్చుని గీసుకుంటుంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. పైగా వెనక నుంచి తొంగిచూసి "నా ముక్కు అంత పెద్దదా?" అని కొట్లాటకి వచ్చేవాళ్లు. నాకేమో ప్రాణం లేచొచ్చేది. మనిషి మనిషిలా ఉన్నప్పుడు గీయడం కంటే సుఖం ఏముంటుంది!

అన్నిటికంటే నాకు ఇష్టం ఆ ఊరి దండేలు. కిటికీ కింద కడతారు వాళ్లు దండెం. ఒళ్లు సగం బయటికి వంచి బట్టలకి క్లిప్పులు పెట్టుకుంటూ ఎదురింటావిడతో కబుర్లాడతారు. లోపలివీ బయటివీ అన్న తేడా లేదు, మొగుడి చెడ్డీ దగ్గర్నుంచి ముసలావిడ బాడీ దాకా వీధికి జెండాల్లా ఎగురుతుంటాయి. నాకు మాత్రం చేతులు రాలేదు. నా లంగాలూ జాకెట్లూ ముందు ఆరేసి, వాటి మీద ఒక చీరో తువ్వాలో కప్పేదాన్ని. మా ఇంట్లో ఆడవాళ్ల లోబట్టలు నలుగురికీ కనపడేట్టు ఆరేస్తే మా నాయనమ్మ దండెం తెంపేసేది మరి. కింది అంతస్తు ముసలావిడ ఒకరోజు తల పైకెత్తి "అలా కప్పితే ఎప్పటికి ఆరతాయి? గాలి తగలనీ, దాచడానికి నువ్వేమైనా దొంగతనం చేశావా?" అని అరిచింది. వీధి వీధంతా నవ్వింది. నేనూ నవ్వాను. అలవాటు మాత్రం మానలేదు.

ఆ తర్వాత మావారి కంపెనీ ఆయన్ని మస్కట్ పంపింది. ఘుబ్రాలో ఇండియన్ స్కూలుకి దగ్గర్లో మూడో అంతస్తులో ఇల్లు. వచ్చిన వారానికే మడత కుర్చీ, స్కెచ్ బుక్ చంకనేసుకుని వీధిలోకి దిగాను. వీధిలో మనిషి ఉంటేగా! మనుషులంతా కార్లలో ఉన్నారు, కార్లు దిగి ఆఫీసుల్లోకి పోతున్నారు. అల్ ఖువైర్‌లో ఒక టీ కొట్టు ముందు కూర్చున్నాను. జనం టీ తాగడానికైనా దిగుతారేమో అనుకున్నాను. దిగరు. హారన్ కొడతారు, కుర్రాడు కప్పు కిటికీలోంచి అందిస్తాడు, కారు వెళ్లిపోతుంది. నేను గీసినవన్నీ కారు అద్దాలూ, అందులోంచి బయటికొచ్చిన మోచేతులూను. అంతలో ఒక పెద్దమనిషి వచ్చి, ఎంతో మర్యాదగా, కార్లో తన భార్య ఉందనీ ఆమెను గీయవద్దనీ చెప్పాడు. నేను గీసింది కారు చక్రాన్ని. అయినా పేజీ తిప్పేశాను. ఏం చేస్తాం, వాళ్ల పద్ధతి వాళ్లది.

ఒకసారి మావారు పనిమీద ఇబ్రి వెళ్తుంటే వెంటపడి వెళ్లాను. అది పల్లెటూరి పోకడున్న ఊరు, అక్కడి సంతలోనైనా నాలుగు ముఖాలు దొరుకుతాయని ఆశ. ఖర్జూరాల కొట్టు ముందు కూర్చుని పెన్సిల్ తీశానో లేదో, కొట్టాయన లేచొచ్చి కుర్చీ వేశాడు. పక్కాయన కావా, అదే ఇక్కడి కాఫీ, తెచ్చాడు. ఇంకొకాయన పళ్లెం నిండా హల్వా. కప్పు ఖాళీ కాగానే మళ్లీ పోస్తారు. తాగకపోతే బాధపడతారు. ఎదురుగా కూర్చుని కుశలాలడుగుతారు. నేను గీయాల్సిన మనుషులంతా నాకు మర్యాదలు చేసే పనిలో పడ్డారు, ఇంక గీసేదెవర్ని? కడుపు నిండా తిని ఖాళీ పుస్తకంతో తిరిగొచ్చాను. కార్లో మావారు నవ్వు ఆపుకోలేకపోయారు. "ఇంత మంచివాళ్లని తిట్టుకునే మనిషిని నిన్నే చూశాను" అన్నారు.

అందుకే ఇంట్లో కూర్చుని జ్ఞాపకంలో ఉన్న ఇటలీనే వేస్తూ వచ్చాను. అదీ ఎన్నాళ్లు? జ్ఞాపకం అరిగిపోతుంది. చేపలమ్మే ఆవిడ ముఖంలో మొదట కళ్లు పోయాయి, తర్వాత నోరు పోయింది. నేను వేసే ముఖాలన్నీ ఒకే ముఖం అయిపోయాయి. కుంచె పట్టుకుంటే విసుగు, పెట్టేస్తే దిగులు. మావారి మీదా, గిన్నెల మీదా చిరాకు చూపించడం తప్ప నాకు వేరే దారి లేకపోయింది.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున్న వంటింటి కిటికీలోంచి చూస్తే ఎదుటి విల్లా డాబా మీద ఒకామె బట్టలు ఆరేస్తోంది. నీళ్ల ట్యాంకుకీ డిష్‌కీ మధ్య తీగలు కట్టి ఉన్నాయి. తలకి గుడ్డ, ఒంటిమీద పొడుగాటి గౌను. పనిమనిషి అని చూడగానే తెలుస్తోంది. తెల్లటి దిష్‌దాషాలు, అవే ఇక్కడి మగవాళ్లు వేసుకునే పొడవు చొక్కాలు, ఒక్కొక్కటే పిండి, ఛట్‌మని దులిపి, తీగమీదికి విసిరి, అంచులు పట్టి లాగి అరచేత్తో రాస్తోంది. క్లిప్పు లేదు, గిప్పు లేదు. చివరికి ఒక చిన్న మూట విప్పి చిన్న బట్టలేవో ఆరేసి, వాటి మీద తువ్వాలు కప్పింది. నేను కిటికీ దగ్గర నిలబడే "ఓసి నీ దుంప తెగ! మనామే!" అన్నాను. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

రెండు రోజుల తర్వాత కింది కిరాణా కొట్లో రొట్టెల దగ్గర కనపడింది. తెలుగులో పలకరించాను. ఉలిక్కిపడింది.

"నీకెట్ల తెలుసక్కా నేను తెలుగని?"

"బట్టలారేయడం చూసి."

"ఓయమ్మా, బట్టల్లో కూడా బాస ఉంటాదా!" అని నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వింది.

కడప దగ్గర పల్లె తనది. ఆ విల్లాలో ఇద్దరు పిల్లల్ని చూడటం, ఉతకడం, ఇస్త్రీ. చిన్నపిల్లకి తనంటే ప్రాణమట, తన చేయి పట్టుకోకపోతే నిద్రపోదట. బయటికి వచ్చేది రొట్టెలకీ పెరుగుకీ మాత్రమే. నేను బొమ్మలేస్తానని, కిటికీలోంచి తనను గీసుకోవచ్చా అని అడిగాను. "ఈ మొకం గీసేదానికి నీకు పనిలేదా ఏంది?" అంది. మర్నాటి నుంచి మాత్రం బట్టలు నిదానంగా ఆరేయడం మొదలుపెట్టింది. దులిపేటప్పుడు చేయి కాస్త ఎక్కువసేపు గాల్లో ఉంచేది. ఓరగా నా కిటికీ వైపు చూసి, గీసుకున్నావా అన్నట్టు తల ఎగరేసేది. ఈ దేశం వచ్చాక నా పుస్తకంలోకి వచ్చిన మొదటి బతికున్న మనిషి ఆమె.

ఆ సమయంలోనే ఆ గోడ వచ్చింది. అల్ ఖువైర్‌లో ఇటాలియన్ రెస్టారెంటు పెడుతున్న ఒక ఒమానీ పెద్దమనిషి నా బొమ్మలు ఎవరింట్లోనో చూసి కబురు పెట్టాడు. పాలరాతి వ్యాపారం ఆయనది, రాయి కోసే యంత్రాల కోసం ఇటలీకి తరచూ వెళ్లొస్తుంటాడు. హిందీ మనకంటే బాగా మాట్లాడతాడు. గోడ ఈ చివర నుంచి ఆ చివరదాకా ఇటలీ వీధి కావాలన్నాడు. "నిజమైన వీధి మేడమ్. మనుషులు, కుక్కలు, దండేలు, అన్నీ" అన్నాడు. అబ్బ, ఇన్నాళ్లకు ఒక బుద్ధిమంతుడు దొరికాడు అనుకున్నాను.

గోడకి పుట్టీ పెట్టి తెల్లరంగు కొట్టింది జగిత్యాల వైపు మేస్త్రీ. వీధి వేశాను, అరుగు వేశాను, పేకాట ముసలాళ్లని వేశాను. మధ్యలో, అందరి కన్నూ ముందు పడే చోట, ఒక డాబా, దాని మీద దండెం, బట్టలారేసే ఆమె. అక్కడికొచ్చేసరికి నా చేయి ఇటలీ మాట వినలేదు. వంగిన నడుము, దులుపుతున్న చేయి, భుజం మీద తడి బట్ట, ముఖం మీద ఎండకి ముడుచుకున్న కళ్లు, అంతా ఎదురింటి ఆమే. ఎన్నాళ్ల తర్వాతో నేను వేసిన ముఖంలోంచి ఒక మనిషి చూసింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి పాటలు పాడుకుంటూ వంట చేశాను. మావారు జ్వరమేమో అని నుదురు ముట్టుకు చూశారు.

మేస్త్రీ డబ్బాలు తీసుకుపోవడానికి వచ్చి గోడ ముందు నిలబడిపోయాడు. "అక్కా, ఇటలీల గూడ మన తీర్గనే తువ్వాల కింద పెట్టి ఆరేస్తరా?" అన్నాడు. అప్పుడు చూసుకున్నాను. దండెం చివర తువ్వాలు, దాని కిందనుంచి తొంగిచూస్తున్న చిన్న బట్టల అంచులు, అన్నీ వేసేశాను. ఖర్మ! తెలియకుండానే వేశాను. "ఆఁ, ఆరేస్తారు" అని పంపేశాను.

కిరాణా కొట్లో ఆమెకి ఫోన్‌లో ఫోటో చూపించాను. "అక్కా, ఇది నేనేనా!" అని ఫోను లాక్కుంది. దగ్గరికి పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టి చూసింది. "ఇంత ఎండలో నిలబెట్టినావు, కానీ సక్కంగుండా" అంది. తర్వాత చుబుకం మీద వేలు పెట్టుకుంది. అక్కడ శనగగింజంత పుట్టుమచ్చ ఉంది. "ఇది యాడ పోయినాది? ఇది లేకుంటే నేనని ఎట్ల తెలుస్తాది? పెట్టక్కా." అంత పెద్ద గోడ మీద తన బొమ్మ ఉంటుందన్న ఆనందం ఆ ముఖంలో చూసి నేను మర్నాడు పొద్దున్నే వెళ్లి పుట్టుమచ్చ పెట్టొచ్చాను.

గోడ పూర్తయ్యాక యజమాని వచ్చాడు. ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాడు, బాగుంది బాగుంది అంటూనే మధ్యలో ఆగిపోయాడు.

"ఈమె ఇండియన్ కదా మేడమ్?"

"బట్టలారేసే ఆమె" అన్నాను.

"ఇటలీలో ఇలా ఆరేయరు. నేను చూశాను కదా. కిటికీకి కడతారు, క్లిప్పులు పెడతారు. ఈ తువ్వాలు కింద ఇదేమిటి? ముఖం మీద ఆ చుక్కేమిటి? మార్చండి. తెల్లటి ముఖం పెట్టండి, రాగిరంగు జుట్టు పెట్టండి, అయిపోతుంది."

అయిపోతుందట! నాకు ఒళ్లు మండిపోయింది. నిచ్చెన మెట్టు మీద నిలబడి ఉన్నాను, లేకపోతే ఏమనేదాన్నో. "సార్, నేను ఆ దేశంలో కాపరం చేశాను. ఆ వీధిలోనే, అలాగే, తువ్వాలు కిందే నా బట్టలు ఆరేసుకున్నాను. వీధంతా చూసింది. మీరు యంత్రాల కోసం వెళ్లినప్పుడు నా దండెం కింద నుంచే నడిచి ఉంటారు. ఇటలీ వీధిలో నేను లేనని మీరెలా చెబుతారు? ఆ ముఖం తీసెయ్యాలంటే గోడంతా తెల్లరంగు కొట్టించుకోండి, నా కుంచె మాత్రం దాని మీద పడదు" అన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, అది ఇంకా కోపం.

ఆయన కాసేపు నన్నూ గోడనూ మార్చి మార్చి చూశాడు. తర్వాత పెద్దగా నవ్వాడు. "సరే మేడమ్, మీ ఇటలీ మీదే. ఉండనివ్వండి" అన్నాడు. నేను ఆ పూట నేలమీద నడవలేదు.

రెస్టారెంటు తెరిచారు. జనం ఆ గోడ ముందే నిలబడి ఫోటోలు దిగుతున్నారని తెలిసింది. ఘుబ్రాలో మా బిల్డింగువాళ్లు కూడా వెళ్లొచ్చి, మధ్యలో ఆమె ఎంత బాగుందో అన్నారు. ఇన్నాళ్ల చిరాకూ కొట్టుకుపోయింది. ఇక్కడి మనిషిని, ఇక్కడి ఎండను, ఇటలీ పేరుతోనైనా గోడకెక్కించాను కదా అని లోపల్లోపల పొంగిపోతున్నాను.

ఆ పొంగు పట్టుమని పది రోజులు లేదు. ఒక మధ్యాహ్నం తలుపు తట్టిన చప్పుడు. తీస్తే ఆమె. మా గుమ్మం ఎప్పుడూ ఎక్కలేదు. చేతిలో పెరుగు డబ్బా, ముఖం పాలిపోయి ఉంది.

"అక్కా, ఆ బొమ్మలో నా మొకం తీసెయ్యి."

నాకు అర్థం కాలేదు. లోపలికి రమ్మన్నా రాలేదు, గుమ్మంలోనే నిలబడి గబగబా చెప్పింది. చిన్నపిల్ల పుట్టినరోజు గురువారం. ఆ ఇంటి మేడమ్ వాళ్లు ఆ కొత్త రెస్టారెంటులో భోజనానికి పోతున్నారు. అత్తగారు, ఆడబిడ్డలు, అందరూ. పిల్లను పట్టుకోవడానికి తననూ రమ్మంటున్నారు.

"గోడ మీద నేను, గోడ ముందర నేను. మేడమ్ అడగదా? నీ మొకం ఈడికెట్లొచ్చింది, ఎవరేసినారు, ఎప్పుడు పోయినావు, ఎవురితో పోయినావు అని? నేనేం చెప్పాల? మేడమ్ మంచిదే అక్కా. కానీ అత్తగారికి అనుమానం జాస్తి. నాకు ముందున్న పిల్ల గేటు కాడ ఎవురితోనో మాట్లాడిందని విమానమెక్కిచ్చినారు. నాదిప్పుడు వీసా మార్చే టైము. వద్దంటే నేను యాడికి పోవాల?"

"నేనొచ్చి చెబుతాను, కిటికీలోంచి చూసి వేశానని."

"అయ్యో, అది ఇంకా అన్యాయం! మా ఆడోళ్లుండే ఇంటిని కిటికీలోంచి చూస్తాండావా అంటారు. నిన్నొక మాట, నన్ను నూరు మాటలు."

నిజమే. కానీ నాకు న్యాయం కనపడలేదు, కోపమే కనపడింది. "నీ ముఖం కోసం ఆ మనిషితో ఎంత కొట్లాడానో తెలుసా నీకు? తీసెయ్యమంటే ససేమిరా అన్నాను! ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని వెళ్లి తీసేస్తానని చెప్పను? పుట్టుమచ్చ కూడా పెట్టమన్నది నువ్వే కదా!" అని అరిచాను.

తను అరవలేదు. "నేనే అక్కా. నేనే పెట్టమంటి. అప్పుడు సంతోసమాయె" అంది. పెరుగు డబ్బా చేతులు మార్చుకుంది. "నువ్వు బొమ్మ ఇంకోటి ఏసుకుంటావు. నాకు డ్యూటీ ఇంకోటి దొరకదు" అని మెట్లు దిగిపోయింది.

మావారికి చెబితే "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాకు గోడ మీద కోపం, యజమాని మీద కోపం, ఎప్పుడూ చూడని ఆ అత్తగారి మీద కోపం. ఈ దేశంలో ఇన్నాళ్లకు ఒక్క ముఖం దొరికితే దాన్ని నా చేత్తోనే చంపుకోవాలా? తెల్ల ముఖం, రాగి జుట్టు పెట్టి, ఆయన అన్నట్టే అయిపోనివ్వాలా? అలా చేస్తే ఆమె ఉద్యోగం నిలుస్తుంది, నాకు మాత్రం కుంచె పట్టుకునే ముఖం ఉండదు. కుడితిలో పడ్డ ఎలుక బతుకైంది నాది.

పొద్దున్నే కిటికీ దగ్గరికి వెళ్లాను. డాబా మీద తను ఉంది, నా వైపు చూడలేదు. గబగబా ఆరేసింది. చివర్లో మూట విప్పి, చిన్న బట్టలు తీగమీద వేసి, మీద తువ్వాలు కప్పి, అంచులు సరిచేసి దిగిపోయింది. నేను ఆ తువ్వాలునే చూస్తూ నిలబడ్డాను. కనపడకూడనిదాన్ని పారేయం కదా మనం. కప్పుతాం, అంతే. అది అక్కడే ఆరుతుంది.

రెస్టారెంటుకి వెళ్లాను. యజమాని కావా తెప్పించాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక కప్పు మీద కప్పు తాగాను.

"సార్, ఆ మధ్యలో ఆమెను కొంచెం మార్చాలనుకుంటున్నాను."

ఆయన కనుబొమ్మలు పైకి లేచాయి. "మీ కుంచె దాని మీద పడదన్నారు?"

"అన్నాను."

"నేను చెప్పినప్పుడు వినలేదు. ఇప్పుడు జనానికి నచ్చింది, ఇప్పుడెందుకు?"

ఏమని చెప్పను? నిజం చెబితే ఆమె ఎవరో చెప్పాలి. "మీరు చెప్పిందే రైటు సార్. ఇటలీలో అలా ఉండదు" అన్నాను. ఆ మాట నా నోటితో అనాల్సి వచ్చింది. పళ్లు కొరుక్కుంటూ, నవ్వుతూ అన్నాను. ఆయన మహా సంతోషంగా తల ఊపాడు. "నేను చెప్పలేదా! నేను ఎన్నిసార్లు వెళ్లాను ఇటలీకి!" అంటూ పక్కనున్న వంటవాడిని కూడా పిలిచి చెప్పాడు. ఆ వంటవాడు నా వైపు జాలిగా చూశాడు. నా ఒంట్లో రక్తమంతా చెవుల్లోకి వచ్చింది. అయినా కూర్చున్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక, రాత్రి భోజనాలు మొదలయ్యే లోపల వేసుకోమన్నాడు.

మొదట ఆమె తలమీదుగా దండేన్ని కొంచెం ముందుకు లాగాను. దాని మీద తడి దుప్పటి వేశాను, పెద్దది, తెల్లది. పైనుంచి మోకాళ్ల కిందిదాకా జారి, ముఖం, పుట్టుమచ్చ, అన్నీ దాని వెనక్కి పోయాయి. పైన అంచు పట్టుకుని లాగుతున్నట్టు ఆమె రెండు చేతులూ వేశాను. కింద గౌను అంచు, రెండు పాదాలు. దుప్పటి ముడతల్లో తల ఎక్కడుందో కొంచెం తెలిసేట్టు నీలం నీడ వేశాను. చివర తువ్వాలును మాత్రం ముట్టుకోలేదు. తెల్లరంగు ఆ కళ్ల మీదికి వచ్చినప్పుడు ఒక్కసారి చేయి ఆగింది. ఏడ్చాను. కింద గిన్నెలు సర్దుతున్నవాళ్లు వినకుండా ఏడ్చాను. యజమాని వచ్చి చూసి, తెల్ల ముఖం లేదేమని అడిగాడు. "దుప్పటి వెనకున్న ముఖం ఏ రంగో ఎవరికి తెలుస్తుంది సార్? మీకు నచ్చిన రంగు అనుకోండి" అన్నాను. అందులో ఎత్తిపొడుపు ఉందని ఆయనకి తట్టలేదు. నచ్చిందన్నాడు.

గురువారం గడిచింది. శుక్రవారం పొద్దున్న డాబా ఖాళీ. సెలవురోజు లేటుగా లేస్తారేమో అనుకున్నాను. మధ్యాహ్నమైంది, ఎవరూ రాలేదు. పంపించేశారా? కిటికీకీ పొయ్యికీ మధ్య తిరిగి తిరిగి కాళ్లు పీకాయి. మావారు "వాళ్లు బంధువులింటికి వెళ్లుంటారు" అంటే ఆయన మీద విరుచుకుపడ్డాను. శనివారం సాయంత్రం కిరాణా కొట్టుకి వెళ్లి, అక్కర్లేని ఉప్పూ పప్పూ ఏరుతూ నిలబడ్డాను. తను వచ్చింది. నన్ను చూసి రొట్టెల దగ్గరికి నడిచింది. నేనూ నడిచాను.

"ఏమైంది?"

"ఏం కాలేదు. మేడమ్ కనుక్కోలేదు." ఊపిరి పీల్చుకుంది. "పిల్ల కనుక్కునింది అక్కా."

చేతిలో ఉన్న పప్పు పొట్లం కింద పెట్టేశాను.

"గోడ కాడికి పరిగెత్తి, కుర్చీ ఎక్కి, ఆ చేతుల మీద తన చేయి పెట్టింది. అటెనక నా తట్టు తిరిగి, నన్ను చూపిచ్చి, మళ్లా గోడను చూపిచ్చింది. అందరూ చూసినారు. నా పానం పోయింది అనుకో. మేడమ్ లేచొచ్చి బొమ్మను బాగా చూసింది. ఆ చేతుల్ని చూసింది, నా చేతుల్ని చూసింది. రోజూ ఆ చేతులతోనే కదా ఆమెకు అన్నం పెడతాండా. నవ్వింది. 'అది ఇటలీ, బంగారూ' అని పిల్లనెత్తుకుని పోయింది."

"హమ్మయ్య" అన్నాను.

"నేనూ అట్లే అనుకుంటి. బతికిపోతి అనుకుంటి. కార్లో కూసున్నాక నాకు ఏడుపు ఆగలా. ఎందుకేడ్చినానో నాకు తెలీలేదు. నీకు తెలుసునా?"

తెలుసు. ఇద్దరం రొట్టె పొట్లాలను అటూ ఇటూ తిప్పి చూస్తూ నిలబడ్డాం. కొట్టతను గట్టిగా దగ్గాడు. ఆమె ఒక పొట్లం తీసుకుని, వెళ్లబోతూ ఆగింది.

"అక్కా, ఆ దుప్పటి కింద నన్ను గీకేసినావా?"

"లేదు. గీకలేదు. మీదే వేశాను. కళ్లు, పుట్టుమచ్చ, అన్నీ అలాగే ఉన్నాయి."

తల గుడ్డ సరిచేసుకుంది. చుబుకం మీద వేలు ఒక్క క్షణం ఆగింది.

"అయితే ఉండనీ" అంది.